చంద్రుడికి మాటల్లేవు

జూన్ 6

అక్కకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన రొట్టెల్లో సగం బస్సులో పక్కన కూర్చున్న పిల్లలే తినేశారు. మిగతా సగం బాగున్నాయి. ఫోన్ చేస్తే నీకు వినపడదు కాబట్టి ఇక మనకి ఉత్తరాలే. మగ్గాల మిల్లు నీ చెవులు తీసుకుపోయింది గానీ, నాకు ఒక మేలు చేసింది. మధ్యలో అడ్డుపడకుండా నువ్వు నా మాట చివరిదాకా వినేది ఇలాగే.

నాటకశాలలో నాకిచ్చిన కుట్టుగది స్టేజీ వెనక మెట్ల కింద ఉంది. మిషన్ తొక్కితే మూలుగుతుంది గానీ కుట్టు తిన్నగా పడుతుంది. ఎప్పటిలాగే కత్తెరని రిబ్బనుతో నడుముకి కట్టుకుని తిరుగుతున్నాను. అది పక్కనే వేలాడే గుండుసూదుల డబ్బాకి తగిలి టక్కుటక్కుమంటుంటే, నేను కనపడకముందే వస్తున్నానని అందరికీ తెలిసిపోతోంది.

ఇక్కడ దర్శకుడి పద్ధతి ఒకటుంది. మొదటి రోజు నుంచి ఆఖరి ఆట దాకా ఎవరినీ సొంత పేరుతో పిలవకూడదు. టీ తాగేటప్పుడైనా సరే, నాటకంలో పేరే. తప్పినవాళ్లు ఆ రోజు స్టేజీ ఊడవాలి. తెర వెనక పనివాళ్లకీ పేర్లు పెట్టాడు. దీపాలు చూసే ఆయన చంద్రుడు, అట్ట చంద్రుణ్ణి వెలిగించేది ఆయనే మరి. నేను మాంత్రికురాలిని. నాటకంలో ఆవిడ కనపడదు, తెర సందులోంచి ఒక చెయ్యి వచ్చి మందు సీసా ఇస్తుంది, అంతే. ఆ చెయ్యి నాది. సూది పట్టిన చెయ్యి వణకదని దర్శకుడి నమ్మకం.

ఇక రెండో పేజీలో కబుర్లు. సేనాపతి దాది వెంట పడుతున్నాడు. నిద్రలో ఉండగా సేవకుడు పొరపాటున ఆయన కళ్ల మీద మందు చుక్కలు వేశాడు, లేవగానే పాపం ఆ ముసలామె ఎదురుగా ఉంది. పొద్దస్తమానం ఆమె మెట్లెక్కడం, ఈయన మోకాళ్ల మీద వెనకాల పాకడం. తొడుగు కొలతలు తీసుకుందామంటే ఒక్కచోట నిలబడడు. మంత్రి తన కూతుర్ని గదిలో పెట్టి తాళం వేశాడు. అది కిటికీలోంచి దూకి పారిపోయే ఏర్పాట్లలో ఉంది. నాకైతే రోజంతా నవ్వే.

నువ్వు మోకాలికి కాపడం పెట్టుకోవడం మానకు.

నీ చెల్లి

జూన్ 12

బుజ్జీ,

నీ ఉత్తరం కొట్లో బేరాల మధ్య చదివాను. లేసులు కొనేవాళ్లు, గుండీలు కొనేవాళ్లు ఒకేసారి మీద పడ్డారు, కాగితాలు అటూ ఇటూ అయ్యాయి. అయినా అర్థం కావలసింది అర్థమైంది. నీకు నవ్వెలా వస్తోందో నాకు తెలియడం లేదు.

ఎవరే ఆ సేనాపతి? ఏ సైన్యం? కొలువులో ఉన్నాడా, దిగిపోయాడా? ఆ వయసులో ఒక పెద్దావిడ వెనక మోకాళ్ల మీద పాకుతుంటే చూస్తూ ఊరుకునే మనుషులేం మనుషులు? కళ్లలో మందులు పోసే ఆ పనివాడిని ఇంకా పనిలో ఎందుకు ఉంచారు? రేపు నీ కళ్లలో పోస్తే సూదిలో దారం ఎవరెక్కిస్తారు? ఇక ఆడపిల్లని గదిలో పెట్టి తాళం వేసే తండ్రి. ఆ పిల్ల దూకేది ఎన్నో అంతస్తు నుంచో కనుక్కో. కింద ఒక పరుపైనా వేయించు.

నువ్వు ఇల్లు వదిలి ఎన్నడూ పోనిదానివి. అమ్మని చూసుకుంటూ, ఆ తర్వాత నా కొట్టు మీద గదిలో ఊళ్లోవాళ్ల పెళ్లి బట్టలు కుడుతూ ఇంతదానివయ్యావు. లోకం తెలియదు. రాత్రి పడుకునే ముందు గడియ ఒకటికి రెండుసార్లు చూసుకో. నచ్చకపోతే మరుసటి బస్సెక్కు. నీ పక్క వేసే ఉంచాను.

అక్క

జూన్ 17

అక్కకి,

నీ ఉత్తరం టీ దగ్గర అందరికీ చదివి వినిపించాను. సేనాపతి బెంచీ మీద నుంచి జారిపడ్డాడు. నిండా పాతికేళ్లు లేని కుర్రాడు, ఆ మీసం రోజూ జిగురుతో అతికించేది నేనే. నీ కాళ్లకి దండం పెట్టి, ఇక ముసలివాళ్ల జోలికి పోనని చెప్పమన్నాడు. మంత్రి కూతురు దూకేది బల్ల మీద నుంచి. నువ్వు చెప్పావని కింద నిజంగానే పరుపు వేశారు.

అక్కా, అదంతా నాటకమే. పాతకాలపు హాస్య నాటకం. మాంత్రికురాలి మందు ఎవరి కళ్ల మీద పడితే వాళ్లు లేవగానే కనపడినవాళ్లని ప్రేమిస్తారు. వేయాల్సినవాళ్లకి వేయకపోవడం, వేయకూడనివాళ్లకి వేయడం, ఆఖరి అంకంలో ఎవరి జోడీ వాళ్లకి కుదరడం, అదీ కథ. ఆ మందు కూడా నేను కలిపే పంచదార నీళ్లే.

ఇక నుంచి నా ఉత్తరంలో ఇలాంటి పేర్లు కనపడితే నాటకమేనని అనుకో. కంగారుపడకు.

సేనాపతి తొడుగుకి ఇత్తడి రంగు గుండీలు కావాలి. మన కొట్లో పై అరలో ఉన్నవి పంపు.

నీ చెల్లి

జూన్ 24

బుజ్జీ,

గుండీలు పంపాను. నా ఉత్తరం పదిమందిలో చదివినందుకు నిన్ను ఏం చేయాలో తర్వాత ఆలోచిస్తాను.

తప్పులో కాలేశానని ఒప్పుకుంటాను. అయినా నాటకంవాళ్లు నాటకంవాళ్లలా ఉండక టీ నీళ్ల దగ్గర కూడా సేనాపతులైతే ఎవరు మాత్రం ఏం చేస్తారు? సరే, ఒకసారి మోసపోయాను. ఇంకోసారి పోతే నన్ను అడుగు. కొట్టు కట్టేశాక తీరిగ్గా కూర్చుని చదువుతాను, తర్వాత కథ రాయి. ఎదురింటి టైలరు, పాల ఆవిడ కూడా అడుగుతున్నారు.

వర్షం మొదలైంది. నీ గదిలో కారుతున్న చోట గిన్నె పెట్టాను. నీ పక్క తడవలేదు, దాన్ని గోడవైపు జరిపాను.

అక్క

జూలై 9

అక్కకి,

ఇంతకాలం రాయకపోవడానికి పని ఒక్కటే కారణం కాదు. రాద్దామని కూర్చుని, నాలుగు వాక్యాలు రాసి, చించేశాను. ఇవాళ ఏమైనా సరే రాసి పంపిస్తాను. మాంత్రికురాలి సంగతి చెప్పాలి. నువ్వు ఎలాగూ గ్రహిస్తావు కాబట్టి ఎక్కువ వివరించను.

సేవకుడు ఊరుకోక, తెరల గుట్ట మీద కునుకు తీస్తున్న చంద్రుడి కళ్ల మీద కూడా రెండు చుక్కలు వేశాడు. అందరూ నక్కి చూస్తున్నారు, ముందు ఎవరొస్తారా అని. మాంత్రికురాలు వచ్చింది. చంద్రుడు కళ్లు తెరిచాడు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది, అక్కడితో అయిపోయిందనుకుంది.

అయిపోలేదు. చంద్రుడు ఏదో ఒక వంకతో ఆవిడ గది దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు వచ్చి, ఆవిడ కళ్లు లాగకుండా దీపానికి నీలం కాగితం తొడిగి వెళ్లిపోయాడు. ఇంకోరోజు ఊరికే గుమ్మంలో నిలబడి, చినుకులు పడుతున్నాయని చెప్పి వెళ్లాడు. ఆవిడ కిటికీ పక్కనే కూర్చుని ఉంది, చినుకులు ఆవిడకీ కనపడుతూనే ఉన్నాయి.

మొన్న చెప్పాడు. "ఇది మందు వల్ల కాదండి. ఆ రోజు నేను నిద్రపోలేదు. మీ కత్తెర చప్పుడు వినపడేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను."

ఆటలన్నీ అయిపోయాక కూడా ఆ చప్పుడు వింటూ ఉండాలని ఉందన్నాడు. ఆయనకి భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. అడగాల్సినవాళ్లు ఒకరున్నారని, అడిగి చెప్తానని ఆవిడ అంది. ఎన్నాళ్లైనా పర్వాలేదని ఆయన అన్నాడు.

ఇప్పుడు నువ్వే చెప్పు అక్కా, మాంత్రికురాలు ఏం చెప్పాలి? ఆవిడకి యాభై దాటాయి. ఇన్నాళ్లూ ఇలాంటి మాట ఎవరూ అడగలేదు, ఆవిడా అనుకోలేదు. నువ్వు ఏదంటే అదే.

నీ చెల్లి

జూలై 15

బుజ్జీ,

ఈసారి కథ భలే ఉంది. కొట్టు కట్టేసి, పాల ఆవిడనీ టైలరునీ కూర్చోబెట్టి చదివాను. కత్తెర చప్పుడు విని కళ్లు తెరవడం దగ్గర పాల ఆవిడ కళ్లు తుడుచుకుంది. మాంత్రికురాలి నడుముకి కత్తెర కట్టారంటే అది నిన్ను చూసి పెట్టిందే, ఆ సంగతి మీ దర్శకుడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఒప్పుకోకూడదు. ముగ్గురం గంటసేపు వాదించుకున్నాం, నా మాటే నెగ్గింది. ఊరందరికీ ప్రేమ మందు పంచే మనిషి తానే ప్రేమలో పడితే, అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఉంటుంది. సీసా ఎవరిస్తారు? కథ ఎవరు నడుపుతారు? యాభై దాటాక ఆవిడ చంద్రుడితో చెట్టపట్టాలు వేసుకు తిరిగితే చూసేవాళ్లు నవ్వుతారు, అదీ మంచి నవ్వు కాదు. మర్యాదగా వద్దని చెప్పి, పని ముగించుకుని, ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే వెళ్లిపోవాలి. అక్కడ ఆవిడ పక్క వేసే ఉంటుంది.

పాల ఆవిడ మాత్రం ఇంకా నాతో మాట్లాడటం లేదు.

అక్క

జూలై 21

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నేను చెప్పీ చెప్పకుండా రాస్తే, నువ్వూ అలాగే జవాబు రాశావు. అర్థమైంది.

నువ్వు చెప్పినట్టే మాంత్రికురాలు వద్దంది. చంద్రుడు ఎందుకని అడగలేదు. తలూపి, నిచ్చెనెక్కి తన దీపాల దగ్గరికి వెళ్లిపోయాడు. నవ్వే జనం గురించి నువ్వు రాసింది నిజమే కావచ్చు. నాకు తోచలేదు, నీకు తోచింది. నీ మాట ఎప్పుడు కాదన్నాను?

పని బాగానే సాగుతోంది. కత్తెర ఇప్పుడు బల్ల సొరుగులో పెడుతున్నాను. మాటిమాటికీ వెతుక్కోవాల్సి వస్తోంది గానీ అలవాటైపోతుంది.

ఆటలు కాగానే వచ్చేస్తాను. పక్క ఉండనివ్వు.

నీ చెల్లి

జూలై 27

బుజ్జీ,

నా సలహా తీసుకున్నారా? నిజంగా మార్చేశారా? పొద్దున్నుంచీ కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తున్నాను. టైలరు నన్ను రచయిత్రిగారూ అని పిలుస్తున్నాడు. మిల్లులో ముప్పై ఏళ్లు మగ్గం నడిపాను, ఒక్కరూ గారూ అనలేదు.

నీ ఉత్తరం మాత్రం చప్పగా ఉంది. పని ఎక్కువై అలిసిపోయి ఉంటావు. కత్తెర సొరుగులో పెట్టడమేంటి, నీ పదేళ్ల వయసులో నేను కట్టిన రిబ్బను అది, మధ్యలో ఎన్నిసార్లు మార్చినా. పోగొట్టుకుంటావు, నడుముకి కట్టుకో.

నా సన్నివేశం నా కళ్లతో చూడాలి. ఏ రోజు వస్తానో చెప్పను.

అక్క

ఆగస్టు 11

బుజ్జీ,

ఈ ఉత్తరం ఇంటికొచ్చాక రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం ఆటకి వచ్చాను. నీకు కనపడకుండా వెళ్లిపోయాను. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

వెనక వరసలో కూర్చున్నాను. మిల్లు హోరులో పెదాలు చూసి మాటలు పట్టుకోవడం నేర్చినదాన్ని, నాకు దూరమైనా పర్వాలేదు. సేనాపతి ఒక్క ముక్క పోకుండా మాట్లాడాడు, మీసం బాగా అతికించావు. పిల్ల దూకింది, పరుపు ఉంది. మందు సీసా ఇచ్చే చెయ్యి కూడా చూశాను. తెర సందులోంచి రాగానే నీదని గుర్తుపట్టాను, మన అమ్మ చెయ్యి అలాగే ఉండేది. నా సన్నివేశం కోసం చూస్తూ కూర్చున్నాను. చంద్రుడు ఎప్పుడు మాట్లాడతాడా అని ఆ అట్టకేసే చూశాను. రెండో అంకంలో లేదు, మూడో అంకంలో లేదు. అందరి జోడీలూ కుదిరాయి, తెర పడింది, జనం లేచారు. చంద్రుడికి మాటల్లేవు. మాంత్రికురాలికి ఒంట్లో చెయ్యి తప్ప ఏమీ లేదు.

సన్నివేశం ఏమైందని నిన్నే అడుగుదామని వెనక వైపు వచ్చాను. నీ గది తలుపు తీసే ఉంది. వీపు నావైపు పెట్టి తొడుగేదో కుడుతున్నావు. నడుముకి కత్తెర లేదు. కుట్టు అయ్యాక దారం తెంచడానికి సొరుగు లాగావు, మళ్లీ మూశావు, ఆ దారాన్ని పళ్లతో కొరికావు. చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవాల్సి వచ్చినప్పుడు అలా కొరికేదానివి. అప్పుడు తెలిసింది నాకు. గుమ్మంలో నిలబడినదాన్ని నిలబడినట్టే ఉండిపోయాను. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

నీ మొదటి ఉత్తరంలో మొదటి పేజీ నేను చదవనేలేదు. ఆ రోజు బేరాల హడావుడిలో దాంతో ఎవరికో గుండీలు పొట్లం కట్టి ఇచ్చేశాను. అందులో ఏం రాశావో ఇప్పుడు ఊహించుకుంటున్నాను. మాంత్రికురాలు నువ్వని నాకు తెలియదు. పేర్లు కనపడితే నాటకమేనని నువ్వే అన్నావు, నేను నాటకానికి సలహా రాశాను. నా బంగారం, నువ్వు అడిగింది నీ గురించని తెలిస్తే ఆ మాటలు నా చేత్తో రాసేదాన్నా?

ఒక పని చేసి వచ్చాను. చంద్రుడు ఎక్కడని కాపలావాణ్ణి అడిగితే నిచ్చెన చూపించాడు. ఈ మోకాలితో ఎక్కాను. పైన చీకట్లో ఆయన వైర్లు చుడుతున్నాడు. నేనెవరో తెలిసినట్టుంది, నమస్కారం పెట్టాడు. నాకు వినపడదని, పెదాలు చూస్తే అర్థమవుతుందని చెప్పాను. ఆయన ఒక దీపాన్ని తిప్పి తన మొహం మీద వేసుకున్నాడు. ఇన్నేళ్లలో నా కోసం అలా చేసిన మనిషి ఇంకొకరు లేరు.

ఆయనతో నెమ్మదిగా, ఎవరికీ వినపడకుండా చెప్పాను. "బాబూ, నా చెల్లెలు నిన్ను వద్దనలేదు. వద్దన్నది నేను. అది కూడా నాటకం అనుకుని."

ఆయన చేతిలో వైరు పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "ఆవిడ కత్తెర చప్పుడు వినపడటం లేదండి. నా వల్లే తీసేశారని తెలుసు. అదొక్కటి మళ్లీ కట్టుకోమని చెప్పండి చాలు."

చెప్పమన్నాడు, చెప్పాను. ఇక నీ ఇష్టం. ఈసారి నేను ఏ సలహా ఇవ్వను. నవ్వేవాళ్లు నవ్వితే నాకు పంపించు, నేను చూసుకుంటాను. నువ్వు నా కోసమని తిరిగి రాకూడదు, అందుకే నీ పక్క తీసి మడతపెట్టేశాను. గదిలోకి వెళ్లాలంటే బాధగా ఉంది, కానీ అలవాటైపోతుంది.

అక్క

ఆగస్టు 14

అక్కకి,

ముందు ఒక మాట. నువ్వు నెమ్మదిగా చెప్పలేదు. మిల్లులో మగ్గాల మీదుగా కేకేసినట్టు చెప్పావు. నేను గదిలో సూది పట్టుకుని కూర్చుంటే, పైనుంచి మా అక్క గొంతు నాటకశాల అంతా మోగింది. బయటికి పరుగెత్తాను. స్టేజీ మీద సేనాపతి ఒక కాలికి బూటుతో, దాది సగం ఊడిన జుట్టుతో, మంత్రి కూతురు రొట్టెముక్క చేత్తో పట్టుకుని, అందరూ తలలు పైకెత్తి నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు. నేను నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి నువ్వు అటువైపు మెట్లు దిగి బస్సుకి వెళ్లిపోయావు. మోకాలు బాగా లేదంటావు, పారిపోయేటప్పుడు బాగానే ఉంటుంది.

ఆ సాయంత్రం నాకు ఏం చేయాలో తోచలేదు. ఆయనా కిందికి రాలేదు. నాకు సమయం ఇవ్వాలని అనుకున్నారట, తర్వాత చెప్పారు. నేనేమో, నా జవాబు మారిందని నోటితో చెప్పడానికి సిగ్గుపడి నిద్ర లేకుండా కూర్చున్నాను.

మర్నాడు ఆటకి ముందు, ఎవరూ రాకముందు, సొరుగు తీసి కత్తెర నడుముకి కట్టుకున్నాను. తెర అంచు సరిచేసే పని ఉందని నాకు నేనే చెప్పుకుని స్టేజీ వెనక్కి నడిచాను. టక్కుటక్కుమంది. ఆట లేదు, జనం లేరు, కానీ పైన అట్ట చంద్రుడు వెలిగాడు. తెర దగ్గరే ఆగాను. తెర అవతలికి వెళ్లడానికి ధైర్యం చాల్లేదక్కా. నాకు ఆ నాటకంలో వచ్చింది ఒక్కటే కదా, అదే చేశాను. తెర సందులోంచి చెయ్యి బయటికి చాపాను. సీసా లేకుండా.

నిచ్చెన దిగుతున్న చప్పుడు వినపడింది. చెయ్యి మొదటిసారి వణికింది. దర్శకుడికి చెప్పకు.

నువ్వు పారేసుకున్న పేజీలో ఏముందో వచ్చాక చెప్తాను. ఆటలు ఆఖరవగానే బయలుదేరతాం. ఆయన కొట్లో పై అర దగ్గర ఒక దీపం పెడతానంటున్నారు, నీకు అందరి పెదాలూ బాగా కనపడేలా. పాల ఆవిడకి నా నమస్కారాలు, ఆ వాదనలో ఆవిడదే గెలుపని చెప్పు.

మడతపెట్టిన పక్క మళ్లీ వెయ్యి. ఈసారి కాస్త వెడల్పుగా.

నీ చెల్లి